రంగు డబ్బా వెనకవైపు

సబ్బు, కాటుక, కుంకుమ, గోరింటాకు కోన్... రోజూ ఒంటికి రాసుకునే వాటి మీద చట్టం ఏమేం రాయమంది? అందులో మనం చదువుకోగలిగింది ఎంత?

తలకు వేసుకునే రంగు ప్యాకెట్‌ని ముందువైపు చూస్తే నిగనిగలాడే నల్లటి జుట్టు, నవ్వుతున్న ముఖం, పెద్ద అక్షరాల్లో పేరు. వెనక్కి తిప్పితే చీమ తలంత అక్షరాల్లో ఓ హెచ్చరిక ఉంటుంది. ఇందులోని పదార్థాలు కొందరి చర్మానికి పడకపోవచ్చు, అందుకని ముందు పరీక్ష చేసుకోండి. కనుబొమలకూ కనురెప్పల వెంట్రుకలకూ దీన్ని వాడొద్దు, వాడితే చూపు పోవచ్చు అని దాని సారాంశం. కంపెనీ తనంతట తాను వేసింది కాదిది. ఏ మాటలు వేయాలో కూడా చట్టమే చెప్పి వేయించింది.

ఆ పరీక్ష ఎలా చేయాలో కూడా నిబంధనల్లో ఉంది. చెవి వెనకో, ముంజేతి లోపలివైపో కాస్త చోటు శుభ్రంగా కడిగి, కలిపిన రంగు కొద్దిగా రాసి ఆరనివ్వాలి. 24 గంటలయ్యాక కడిగేసి చూడాలి. దద్దుర్లు, మంట, వాపు ఏమీ లేకపోతేనే తలకు పెట్టుకోవాలి. పోయినసారి పడింది కదా అని ఊరుకోకూడదు, వేసుకునే ప్రతిసారీ చేయాలి. ఎందుకంటే నల్లరంగుల్లో ఎక్కువగా వాడే పారా ఫినిలిన్ డయామిన్ అనే రసాయనం ఏళ్ల తరబడి ఒంటికి సరిపడి, ఉన్నట్టుండి ఒకనాడు పడకుండా పోవచ్చు. పెళ్లికి బయల్దేరే ముందు రాత్రి హడావుడిగా గిన్నెలో రంగు కలుపుకునే మన ఇళ్లలో ఈ పరీక్ష చేసేవాళ్లు ఎంతమంది ఉంటారు? సెలూన్‌లో కుర్చీ ఎక్కిన మనిషికి చెవి వెనక చుక్క పెట్టి, రేపు రండి అని పంపే వాళ్లెందరు?

ఆ నిబంధనలో అన్నిటికంటే విలువైనదిగా నాకు తోచే మాట ఇంకొకటి ఉంది. ఆ హెచ్చరిక ఇంగ్లిషుతో పాటు స్థానిక భాషల్లోనూ ఉండి తీరాలి. కొనేవాళ్ల భాషను చట్టం ఇంత స్పష్టంగా పట్టించుకున్న చోటు సౌందర్య సాధనాల నిబంధనల్లో మరొకటి నాకు కనిపించలేదు. తూనికలు, కొలతల చట్టం కింద ప్యాకెట్ మీద వేయాల్సిన ధర, బరువు, చిరునామా లాంటివైతే హిందీలోనో ఇంగ్లిషులోనో ఉంటే సరిపోతుంది. వేరే భాషలో అదనంగా వేసుకోవచ్చు గానీ వేయాలన్న పట్టింపు లేదు. అక్షరం ఎత్తు 1 మిల్లీమీటరుకు తగ్గకూడదన్న నియమం మాత్రం ఉంది. ఆ ఒక్క మిల్లీమీటరు అక్షరాన్ని అద్దాలు లేకుండా ఏ అమ్మమ్మ చదవగలదు?

1940 నాటి ఔషధ చట్టంలో సౌందర్య సాధనాల ఊసే లేదు. 1962 సవరణతో అవి చేరాయి, చట్టం పేరు కూడా ఔషధ, సౌందర్య సాధనాల చట్టంగా మారింది. సబ్బును మాత్రం 1982లో మళ్లీ సవరించేదాకా బయటే ఉంచారు. 2020 డిసెంబరులో మందుల నిబంధనల నుంచి విడదీసి ప్రత్యేకంగా కాస్మెటిక్స్ రూల్స్ తెచ్చారు. వాటి లెక్కలో శుభ్రానికైనా, అందానికైనా ఒంటికి రుద్దుకునేది, పోసుకునేది, చల్లుకునేది అంతా కాస్మెటిక్కే. టూత్‌పేస్టు, తలనూనె, కాటుక, కుంకుమ అన్నీ ఆ గొడుగు కిందికే వస్తాయి.

తయారుచేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం లైసెన్సు కావాలి. విదేశాల నుంచి తేవాలంటే ఢిల్లీలోని కేంద్ర సంస్థ దగ్గర సరుకు నమోదు కావాలి. అమ్మే దుకాణానికి మాత్రం మందుల షాపుకు ఉన్నట్టు లైసెన్సేమీ అక్కర్లేదు. ఫ్యాన్సీ షాపు, సంతలో దుప్పటి పరిచి కూర్చున్న వ్యాపారి, తీర్థంలో గాజుల పక్కన కాటుక డబ్బీలు పెట్టుకున్న ఆమె, ఫోన్లో వీడియో పెట్టి ఆర్డర్లు తీసుకునే అమ్మాయి, ఎవరైనా అమ్మవచ్చు. లైసెన్సు ఉన్నవాళ్లు తయారుచేసిందీ, పద్ధతి ప్రకారం లేబుల్ వేసిందీ తప్ప వేరేది అమ్మకూడదన్న నియమం ఉంది గానీ, ఇన్ని లక్షల చోట్లకు వెళ్లి చూడటానికి డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు చాలరు. అందుకే మన చేతికొచ్చిన డబ్బా మంచిదో కాదో తేల్చుకోవడానికి అంగట్లో మనకు దొరికే సాక్ష్యం దాదాపుగా లేబుల్ ఒక్కటే.

ఆ లేబుల్ మీద ముందు చూడాల్సింది లైసెన్సు నంబరు. ఇక్కడ తయారైన సరుకైతే ‘ఎం’ అన్న అక్షరం తర్వాతో, తయారీ లైసెన్సు అన్న మాట తర్వాతో ఆ నంబరు ఉంటుంది. విదేశీ సరుకైతే ‘ఆర్‌సీ’ అని నమోదు నంబరు, దాంతో పాటు మన దేశంలో దాన్ని దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, చిరునామా ఉండాలి. ఈ రెండూ లేని విదేశీ క్రీము, సువాసన ఎంత బాగున్నా, దొంగదారిన వచ్చిందనే అనుకోవాలి. ఆ తర్వాత తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, ఏ నెల ఏ సంవత్సరంలోపు వాడాలన్న గడువు చూసుకోవాలి.

పదార్థాల జాబితా విషయంలో మాత్రం నిబంధన రాసినవాళ్లతో నాకు పేచీ ఉంది. నూటికి ఒక పాలు మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి, అంతకు తక్కువ ఉన్నవాటిని వాటి తర్వాత ఎలాగైనా రాయవచ్చు. మంచి నియమమే. కానీ 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకు, 30 గ్రాముల లోపు గట్టి సరుకుకు ఈ జాబితా అక్కర్లేదని సడలింపు ఇచ్చారు. షాంపూ సాషే, కాటుక పెన్సిల్, లిప్‌స్టిక్, చిన్న క్రీము ట్యూబు అన్నీ ఆ సడలింపులోకే వస్తాయి. కూలి డబ్బుల్లోంచి రూపాయి, రెండు రూపాయల సాషే కొనుక్కునే మనిషి అందులో ఏముందో ఏనాటికీ తెలుసుకోలేదు. పెద్ద సీసా కొనగలిగినవాళ్లకే ఆ హక్కు దక్కుతోంది. కంటికి, పెదవికి తగిలే వాటికైనా ఈ మినహాయింపు తీసేయాలి. డబ్బీ మీద చోటు చాలకపోతే లోపల ఓ కాగితం మడిచి పెట్టవచ్చు.

ముద్రల సంగతి వేరే కథ. చాలామంది ఐఎస్ఐ గుర్తు కోసం వెతుకుతారు. సౌందర్య సాధనాల్లో చాలావాటికి భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ప్రమాణాలు పాటించడం తప్పనిసరి, వాటి మీద ఐఎస్ఐ గుర్తు వేయడం మాత్రం తప్పనిసరి కాదు. కాబట్టి గుర్తు లేనంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. కొన్ని విదేశీ డబ్బాల మీద ‘సీఈ’ అని కనిపిస్తుంది. అది బొమ్మలకు, విద్యుత్ పరికరాల లాంటివాటికి ఐరోపాలో వేసే గుర్తు. అక్కడ కాస్మెటిక్స్‌కు వేరే చట్టం ఉంది, వాటికి ఆ ముద్ర ఉండదు. ముఖానికి రాసుకునే క్రీము మీద అది కనబడితే అనుమానించాలి. ‘అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం పొందినది’ అన్న మాటా అంతే. ఆ సంస్థ రంగు పదార్థాలకు అనుమతిస్తుంది గానీ, తయారైన క్రీమునో పౌడరునో అమ్మకానికి ముందు ఆమోదించదు.

లేబుల్ చదవకపోతే ఏమవుతుందో కేరళలోని మలప్పురం జిల్లా చూసింది. ముఖం, కాళ్లు వాచి, మూత్రంలో ప్రొటీన్ పోతూ వచ్చిన రోగులను పరీక్షించిన కొట్టక్కల్ వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు వచ్చిన 22 కేసులను గమనించారు. వారిలో 15 మందిలో అరుదైన ఒక రకం కిడ్నీ జబ్బు బయటపడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడటానికి క్రీములు వాడినవాళ్లే. కారణం పాదరసం. మన నిబంధనల ప్రకారం కంటి చుట్టూ వాడేవాటిలో తప్ప మిగతా వాటిలో పాదరసం పది లక్షల పాళ్లలో ఒక పాలు మించకూడదు, అదీ పొరపాటున కలిసినదైతేనే. వారం రోజుల్లో రంగు తేలిందని సంబరపడేవాళ్లకు ఆ తెలుపు ఎలా వచ్చిందో తెలియదు. పాదరసం మెలనిన్ తయారవకుండా అడ్డుకుని, చర్మంలోంచి ఒంట్లోకి దిగి కిడ్నీలకు చేరుతుంది. కేరళ ప్రభుత్వం ‘ఆపరేషన్ సౌందర్య’ పేరుతో 2023లో దుకాణాల మీద దాడులు మొదలుపెట్టింది. ఇలాంటి క్రీములు మన బజార్లకు రావని అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ కనిపించడం లేదు.

కుంకుమ ఇంకా చిక్కు. పసుపులో సున్నం కలిపి చేసే ఇంటి కుంకుమకు లేబుల్ అవసరం రాలేదు. ఇప్పుడు గుడి ముందు రాశులు పోసిన పొడి ఏ రంగుతో ఎర్రబడిందో ఎవరికి తెలుసు? సీసంతో చేసిన ఎరుపు చవక, కంటికి ఇంపు. న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం వారు అక్కడా, మన దేశంలోనూ కొన్న 118 సిందూరం నమూనాలను పరీక్షించి 2017లో ఫలితాలు చెప్పారు. అమెరికాలో కొన్నవాటిలో 19 శాతం, ఇక్కడ కొన్నవాటిలో 43 శాతం అక్కడి సీసం హద్దును దాటాయి. న్యూజెర్సీ ఇండియన్ స్టోర్లలో సరుకులు కొనే తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. పాపిట్లో పెట్టుకున్న పొడి రాలి, పాకే పిల్లల వేళ్లకు అంటి, నోట్లోకి పోతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, దానికి సురక్షితమైన మోతాదంటూ లేదు. పూజా సామగ్రి అని అచ్చువేసిన పొట్లం నుదుటికీ చేరుతుందని అందరికీ తెలుసు కాబట్టి, దాన్నీ కాస్మెటిక్‌గానే చూడాలని నేను గట్టిగా అంటాను.

గోరింటాకు కోన్ కూడా అంతే. రుబ్బిన ఆకు ముందు నారింజ రంగు పండి, మర్నాటికి ముదురుతుంది. కొన్ని నిమిషాల్లో నల్లగా పండిందంటే అందులో ఆకు కాక మరేదో ఉంది, చాలాసార్లు అది తలరంగులోని రసాయనమే. అదే రసాయనం ప్యాకెట్‌లో అమ్మితే హెచ్చరిక తప్పనిసరి. కోన్‌లో పెడితే చిన్నపిల్ల అరచేతిలో మాటా పలుకూ లేకుండా కూర్చుంటుంది.

ఇళ్లలో సబ్బులు, నూనెలు చేసి అమ్ముకుంటున్న మహిళా సంఘాల మీద నాకు గౌరవం ఉంది. అయినా వాళ్లకూ లైసెన్సు కావాల్సిందే, సబ్బులో కాస్టిక్ సోడా పాళ్లు తప్పితే చర్మం కాలుతుంది. వాళ్లను కేసులతో భయపెట్టే బదులు ప్రతి జిల్లాలోనూ అందరూ వాడుకునే ఒక తయారీ షెడ్డు, రసాయన శాస్త్రం చదివిన ఒక మనిషి, పరీక్షకు దగ్గర్లో ఒక ల్యాబు ఏర్పాటు చేస్తే లేబుల్ మీద లైసెన్సు నంబరు దానంతటదే వస్తుంది.

రెండు తెలుగు రాష్ట్రాలు కలిసి కేంద్రాన్ని అడగాల్సింది ఒకటుంది. తలరంగుకు పెట్టిన భాషా నియమాన్ని హెచ్చరికలు, వాడే విధానం, గడువు తేదీ ఉన్న ప్రతి సౌందర్య సాధనానికీ విస్తరించాలి. 

ఈలోగా కొనేవాళ్ల చేతిలోనూ ఓ ఆయుధం ఉంది, ఎవరూ వాడటం లేదంతే. 1940 చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం, తాను కొన్న మందునైనా సౌందర్య సాధనాన్నైనా ఏ మనిషైనా నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడికి పరీక్షకు పంపవచ్చు. ఆయన సంతకం చేసిన నివేదిక అడిగి తీసుకునే హక్కు ఆ మనిషిది. వినియోగదారుల సంఘాలకూ ఆ హక్కు ఉంది. రాబోయే పెళ్లిళ్ల సీజన్‌కు ముందు ఒక్కో పట్టణంలో ఒక్కో సంఘం పది క్రీములు, పది కుంకుమ పొట్లాలు, పది కోన్లు కొని, బిల్లులు జాగ్రత్త చేసుకుని పంపితే, ఆ నివేదికలను ఈ పత్రికలాంటివి పేర్లతో సహా అచ్చు వేయగలవు.