మృగశిర గిరాకీకి చెరువు సంఘాలే ఆధారం

శ్రీరాంపూర్: ఏటా జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశించగానే తెలంగాణ అంతటా చేపలకు గిరాకీ హెచ్చుతుంది. గని కార్మికులు అధికంగా ఉన్న శ్రీరాంపూర్, మంచిర్యాల మార్కెట్లు ఇందుకు మినహాయింపు కావు. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే సముద్రపు సరుకు రాక తగ్గిపోతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటపై నిషేధం ఉండడమే కారణం. పూర్వం మే 31తో ముగిసే ఈ నిషేధాన్ని 2015లో 61 రోజులకు పెంచారు. కార్తె వ్యాపారం ఆ మేరకు చెరువు సరుకుపైనే నడవవలసి ఉంటుంది.

సముద్రంలో వేట విరామాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తే, చెరువులో వల వేసే రోజును మత్స్యకారుల సహకార సంఘమే నిర్ణయిస్తుంది. ఈ సంఘాలు చెరువును కౌలుకు తీసుకుని, వానలకు నీరు చేరగానే బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలను వదులుతాయి. ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను ఇచ్చే పథకం 2016-17లో మొదలైంది. వేసవిలో ఎండే చెరువులకు 35-40 మి.మీ., ఏడాది పొడవునా నీరుండే వాటికి 80-100 మి.మీ. పిల్లలను నిర్దేశించారు.

అసలు చిక్కు వేసవిలో వస్తుంది. తొందరపడి పడితే చేప బరువు తూగదు, ధర పలకదు. మరీ ఆగితే నీరు తగ్గి, ఎండకు ప్రాణవాయువు చాలక సరుకు చచ్చి నష్టం వస్తుంది. అందువల్ల పెద్ద కన్నుల వలతో ఎదిగిన చేపను విడతలుగా తీసి, చిన్నదాన్ని వదలడం లాభదాయకం. చెరువులో కొంత నీరు మిగిల్చేందుకు ఆయకట్టు రైతులతో ముందే ఒప్పందం ఉండాలి. సభ్యులందరూ కట్టుబడితేనే ఇది సాగుతుంది. ఒక్కడు చాటుగా సన్నవల వేసినా అందరి వాటా తరుగుతుంది.

సమీపంలోని శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం సామర్థ్యం సుమారు 20 టి.ఎం.సి.లు. అంత విశాలమైన నీటిలో వేటగాళ్లు అనేకులు కావడంతో కట్టుబాటు నిలపడం చెరువులో కంటే కష్టం.

ఈ విషయంలో వర్తకుల బాధ్యతా ఉన్నది. బయానా ఇచ్చి మార్చిలోనే వల వేయించే వ్యాపారి చేతికి చిన్న సరుకే వస్తుంది. కార్తె నాటికి మార్కెట్‌లో కొరత మిగులుతుంది. చేప పరిమాణం, తూకం, పట్టే తేదీలను సంఘంతో ముందుగా ఖరారు చేసుకున్న వారికి గిరాకీ రోజున సరుకు అందుతుంది.