విల్లా తోటలో గన్నేరు: కుక్క నమిలితే ఏమవుతుంది, మనం ఏం చేయాలి

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ళ కోసం అందులోని ముఖ్యమైన విషయాలు ఇక్కడ రాస్తున్నాం. కువైట్‌లో హౌస్ డ్రైవర్‌గా పనిచేసే ఒక అన్న వాయిస్ మెసేజ్‌లో అడిగిన ప్రశ్న ఇది: "మా కఫీల్ ఇంట్లో కుక్కపిల్లను తెచ్చారు. కాంపౌండ్ గోడ పొడుగునా గులాబీ రంగు గన్నేరు ఉంది. పిల్ల ఏది కనిపిస్తే అది నములుతోంది. భయపడాలా?"

సూటిగా చెప్పాలంటే, భయపడాల్సిందే. గల్ఫ్ తోటల్లో కుక్కకు ప్రాణం మీదికి తెచ్చే చెట్లలో గన్నేరు ముందు వరుసలో ఉంటుంది.

విషం పప్పులోనే కాదు

మన ఊళ్ళలో గన్నేరు పప్పు అంటే విషమని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ పప్పు పచ్చ గన్నేరుది. గంటల్లాంటి పసుపు పూలు, ఆకుపచ్చ కాయలు కాసే చెట్టు అది. ఇక్కడ రోడ్ల మధ్యలో, విల్లాల గోడల వెంట గులాబీ, తెలుపు, ఎరుపు పూలతో కనిపించేది మామూలు గన్నేరు. అరబ్బీలో దీన్ని దిఫ్లా అంటారు. ఎండకు, ఉప్పు నీళ్ళకు, నీళ్ళు లేకపోయినా తట్టుకుంటుంది గనుక ఇక్కడ ఇంతగా నాటారు.

దీనికి పప్పు కనిపించదు కదా అని మనవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి రెండు చెట్లలోనూ ఒకే జాతి విషం ఉంది. మామూలు గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు, రసం అన్నీ విషమే. పూలు పెట్టిన కూజాలో నీళ్ళు కూడా ప్రమాదమే. గుర్తుపట్టడం తేలిక: సన్నగా పొడుగ్గా, తోలులా మందంగా ఉండే ఆకులు, ఎక్కువగా ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఉంటాయి.

ఒంట్లో ఏం చేస్తుంది

ఈ విషం గుండె మీద పనిచేస్తుంది. గుండె జబ్బుకు వాడే డిజాక్సిన్ మందు లాంటిదే, కానీ ఇక్కడ మోతాదు ఎవరి చేతిలోనూ ఉండదు. చిన్న కుక్కకు కొన్ని ఆకులే ఎక్కువ.

ముందు నోట్లోంచి చొంగ కారుతుంది, వాంతులు, విరేచనాలు అవుతాయి, కడుపు నొప్పితో ముడుచుకుంటుంది. తర్వాత నీరసం, తూలడం. గుండె మరీ నెమ్మదిగా గానీ, లయ తప్పి గానీ కొట్టుకుంటుంది. ఇవి సాధారణంగా కొన్ని గంటల్లో మొదలవుతాయి. ఒక్కోసారి పెద్దగా ఏమీ కనిపించకుండానే కుప్పకూలిపోవచ్చు. అందుకే "వాంతి చేసుకుంటే చూద్దాంలే" అని ఆగడం పనికిరాదు.

అసలు ప్రమాదం కత్తిరించిన రోజున

పచ్చి ఆకు చేదుగా ఉంటుంది కాబట్టి చాలా జంతువులు దాన్ని అంతగా ముట్టుకోవు. ఎండిన ఆకులో ఆ చేదు అంతగా తెలియదు, విషం మాత్రం అలాగే ఉంటుంది. తోటపని చేసే అన్నలు ఇది గుర్తుపెట్టుకోవాలి. గన్నేరు కత్తిరించిన రోజే కొమ్మలన్నీ ఊడ్చి, సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చేయండి. రెండు రోజులు గోడ వారన పడేస్తే, ఆ ఎండు కొమ్మలతోనే కుక్కపిల్ల ఆడుకుంటుంది. కుక్క నీళ్ళ గిన్నెలో ఆకులు రాలకుండా గిన్నెను దూరంగా జరపండి.

మజ్రాల్లో పనిచేసేవాళ్ళకు ఇంకో మాట. ఈ కొమ్మలు మేతలో కలిస్తే మేకలు, గొర్రెలు, ఒంటెలు కూడా చనిపోతాయి. మనకూ ఇది మంచిది కాదు. చేతులకు గ్లౌజులు వేసుకోండి, కొమ్మలు కాల్చి పొగ పీల్చకండి. ఆ పుల్లతో పళ్ళు తోమడం, మాంసం గుచ్చి కాల్చడం అసలే వద్దు.

తిన్నదని అనుమానం వస్తే

1. నోట్లో మిగిలిన ఆకు తీసేయండి. కుక్కను ఆ చోటు నుంచి దూరంగా కట్టేయండి.
2. వెంటనే ఇంటివాళ్ళకు చెప్పండి. చెట్టు ఫోటో, నమిలిన ఆకు ఫోటో, ఎన్ని గంటలకు చూశారో వాట్సాప్‌లో పెట్టండి.
3. పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమనండి. అరబ్బీలో "అల్ కల్బ్ అకల్ దిఫ్లా" అంటే కుక్క గన్నేరు తిన్నదని. పశువుల డాక్టర్‌ను "బైతరీ" అంటారు.
4. పాలు, మజ్జిగ, నూనె పోయకండి. ఉప్పు నీళ్ళు తాగించి కక్కించకండి. ఆ ఉప్పే కుక్కకు ఇంకో విషమవుతుంది. కక్కించాలా వద్దా అనేది డాక్టరే చూసుకుంటారు.

త్వరగా వెళ్తే విషం రక్తంలోకి ఎక్కకుండా బొగ్గు మందు ఇస్తారు, సెలైన్ పెడతారు, ఈసీజీతో గుండె లయ చూస్తూ దానికి మందులిస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ వాళ్ళ చేతిలో కూడా ఏమీ ఉండదు.

రెండో పని దగ్గరే మనవాళ్ళు ఆగిపోతారు. "నేను చూస్తుండగా తిన్నదని చెబితే తప్పు నా మీదే వేస్తారు, జీతం కోస్తారు" అనే భయం. ఆ భయం ఉత్తది కాదు. కానీ లెక్క వేసి చూడండి. గంటలోపు చెబితే కుక్క బతికే అవకాశం ఎక్కువ, మీరు జాగ్రత్తగా చూసుకున్నారనడానికి ఫోనులో టైముతో సహా సాక్ష్యం ఉంటుంది. దాచిపెట్టాక కుక్క చనిపోతే రెండూ ఉండవు.

ఇంకా మంచిది, ఏమీ జరగకముందే చెప్పడం. "మేడమ్, ఈ చెట్టు కుక్కకు విషం, చుట్టూ కంచె వేద్దామా?" అని ఈ రోజే ఫోటోతో మెసేజ్ పెట్టండి.

మిగతా చెట్ల సంగతి

కుండీల్లో పెంచే ఎడారి గులాబీ గన్నేరు కుటుంబమే, అదీ గుండె మీదే పనిచేస్తుంది. చిన్న ఈతచెట్టులా కనిపించే సైకాస్ కూడా ప్రాణాంతకమే. దాని గింజలు అన్నిటికన్నా ప్రమాదం, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బిళ్ళ గన్నేరు కూడా విషమే. దేవగన్నేరు పాలు నోరు, కడుపు పాడుచేస్తాయి గానీ సాధారణంగా ప్రాణం తీయవు. మందారం, మల్లె, నూరువరహాలు గురించి బెంగ అక్కర్లేదు.

మీ తోటలో పేరు తెలియని చెట్టు ఉంటే ఆకు, పువ్వు కనిపించేలా ఫోటో తీసి మాకు పంపండి. ఈలోపు కుక్కను మాత్రం దాని దగ్గరికి పోనివ్వకండి.