పారబోసిన మందు ఎక్కడికి పోతుంది?

పండుగ వస్తోందంటే ఇల్లు దులుపుతాం. అలమర పై అరలో పాత డబ్బా ఒకటి బయటపడుతుంది. అందులో సగం తాగి వదిలేసిన దగ్గుమందు సీసా, నాలుగు మాత్రలు మిగిలిన అట్ట, తాతగారికి ఎప్పుడో రాసిన బి.పి. బిళ్లలు ఉంటాయి. గడువు తేదీ దాటి ఏడాది అయివుంటుంది. పిల్లల చేతికి అందుతాయేమోనని సీసాను తూములో వంచేస్తాం, బిళ్లలను మరుగుదొడ్లో వేసి నీళ్లు కొడతాం. మీ భయం సబబే. మార్గమే సరైనది కాదు.

ఆ నీరు ఎక్కడికి పోతుంది? తూములోంచి మురుగుకాలువకు, అక్కడినుంచి చెరువుకో నదికో. హైదరాబాదు మురుగును మోసుకుపోయే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దిగువన విజయవాడ తాగేది ఆ కృష్ణ నీటినే.

కాచినా పోనిది

మునిసిపాలిటీవారు నీటిలో పటిక కలిపి మడ్డి దించుతారు, ఇసుక పొరల గుండా వడగడతారు, క్లోరిన్ కలుపుతారు. కలరా, టైఫాయిడ్ క్రిముల పని పట్టడానికి ఈ ఏర్పాటు. కాబట్టి కుళాయి నీటికి కాస్త క్లోరిన్ వాసన వస్తే విసుక్కోకండి. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలివుండాలి. నీరు రంగు మారినా, మురుగు వాసన వేసినా వాడకం ఆపి మునిసిపాలిటీకి ఫిర్యాదు చేయండి. క్రిముల అనుమానం ఉంటే నీటిని తెర్లేదాకా కాచి, ఒక నిమిషం మరగనిచ్చి, చల్లార్చి, మూతపెట్టి వాడుకోండి.

కాచితే క్రిములు చస్తాయి. మందుల్లోని రసాయనాలు మాత్రం కాచినంత మాత్రాన పోవు. అలాగని బెంగపడకండి. తాగేనీటిలో కనిపించే మందుల జాడ అత్యల్పమనీ, దానివల్ల మనుషులకు హాని కలిగే అవకాశం చాలా తక్కువనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో తెలిపింది.

అసలు భయం మురుగులో ఉంది. యాంటీబయాటిక్ కలిసిన మురుగులో బలహీనమైన క్రిములు చచ్చి, మందుకు లొంగనివి బతికి పెరుగుతాయి. రేపు అవే మనకు సోకితే డాక్టరు రాసిన మందు పనిచేయదు. 2007లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, పటాన్‌చెరు దగ్గర మందుల కార్ఖానాల వ్యర్థజలాలను శుద్ధిచేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. దాని ముందు మన ఇంటి సీసా ఒక చుక్క. కాని ఆ చుక్కను ఆపడం మన చేతిలో పని.

మరి ఏం చేయాలి?

1. పాత మందులు తీసుకుంటారేమో ముందు మీ మందుల షాపులో, ఆసుపత్రిలో అడగండి.

2. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు కాలం చెల్లిన మందులను ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కించాయి. కనుక వాటిని విడిగా కట్టి చెత్తబండివారికి చెప్పి ఇవ్వండి.

3. ఆ వీలూ లేకపోతే, మాత్రలను అట్టలోంచి తీసి, నలపకుండా, వాడేసిన టీపొడిలోనో మట్టిలోనో కలిపి, సంచిలో మూతి బిగించి చెత్తలో వేయండి. సిరప్‌నూ అలాగే పొడిమట్టిలో ఇంకనివ్వండి. ఖాళీ అట్టలను కత్తిరించి, సీసాల మీది కాగితం చింపి పారేయండి.

4. ఇంట్లో తగులబెట్టకండి. ఇన్సులిన్ సూదులను మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఇవ్వండి.

5. ఫెంటనిల్, మార్ఫిన్ వంటి ఘాటైన నొప్పిమందుల సంగతి వేరు. పొరపాటున ఒక్క మోతాదు మింగినా ప్రాణాపాయం కనుక వాటిని ఇంట్లో ఉంచకూడదు. ఎలా వదిలించుకోవాలో డాక్టరును అడగండి.

అన్నిటికన్నా మేలైనది, మందు మిగలకుండా చూసుకోవడం. అవసరమైనన్నే కొనండి. యాంటీబయాటిక్‌ను డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడండి. మిగిలిన మాత్రను పక్కింటివారి జ్వరానికి సాయంగా ఇవ్వకండి. ఈ ఆదివారం ఆ పాత డబ్బా ఒకసారి దించి చూడండి.