హాజరు పలికే బిళ్ల

దసరా దాటిందంటే కర్నూలు జిల్లా పడమటి మండలాల బడుల్లో తరగతులు పలచబడతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఊళ్ల నుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు ప్రాంతానికి కదులుతాయి. అక్కడ పత్తి తీయాలి, ఆ తర్వాత మిరపకాయ కోయాలి. ఈ వలసకు ఇక్కడి పేరు 'సుగ్గి'. "సుగ్గికి పోయినారు సార్" అని పక్కింటి పిల్లవాడు చెప్పే ఒక్క మాటతో, రిజిస్టరులో ఒక పేరు ఎదుట నెలల తరబడి గైర్హాజరు గుర్తులు పడతాయి.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల హాస్టల్లో చోటు దొరికిన పిల్ల బడిలో ఉంటుంది. దొరకని పిల్ల చాలాసార్లు అమ్మానాన్నల వెంట చేలో ఉంటుంది. 1971లో సర్వేల్‌లో మొదలై, మరుసటి ఏడు కొడిగెనహళ్లికీ తాడికొండకూ పాకిన గురుకులాలు, 2004లో వచ్చిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, పెద్దలు వలసపోయిన నెలల కోసమే నడిచే సీజనల్ హాస్టళ్లు ఈ నేల మీద అంత విలువైనవి. ఇలాంటి చోట హాజరు రోజుకు ఒక్కసారితో తీరదు. పొద్దున లేచాక, బడికి వెళ్లేముందు, సాయంత్రం స్టడీ అవర్‌లో, రాత్రి పడకల దగ్గర లెక్క చూసుకోవాలి. రాత్రి లెక్కలో ఒకరు తగ్గితే వార్డెన్‌కు నిద్ర ఉండదు. పైగా మెస్ ఛార్జీలు వచ్చేది తలల లెక్కను బట్టే. రిజిస్టరులో ఉన్న సంఖ్యకూ పంక్తిలో కూర్చున్న పిల్లల సంఖ్యకూ తేడా దొరికిందన్న వార్త తెలుగు పత్రికల పాఠకులకు కొత్తది కాదు.

ఆ తేడాను పట్టడానికి వేలిముద్ర యంత్రాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుంచి ఉపాధ్యాయుల హాజరు సెల్‌ఫోన్లో ముఖం చూపించి వేసే పద్ధతికి మారింది. మరుసటి ఏడు తెలంగాణ బడులు అదే దారిలో పిల్లల ముఖాలను గుర్తుపట్టే యాప్ తెచ్చాయి. వీటన్నిటికంటే వయసులో పెద్దది, చూపుకు మాత్రం అమాయకంగా కనిపించేది మరొకటుంది. అది మెడలో వేలాడే ప్లాస్టిక్ కార్డులోనో, చొక్కా అంచులోనో ఇమిడిపోయే రేడియో బిళ్ల. ఇంజనీర్లు దాన్ని ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు అంటారు.

దాని పూర్వీకుల్లో ఒకటి బడిపిల్లల చేతుల మీదుగానే లోకంలోకి వచ్చింది. 1945 ఆగస్టులో సోవియట్ బాలల సంఘం పిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారికి కొయ్యతో చెక్కిన అమెరికా రాజముద్రను బహూకరించారు. రాయబారి దాన్ని ఇంట్లో గోడకు తగిలించుకున్నాడు. 1952లో విప్పి చూస్తే లోపల సన్నని లోహపు పొర, ఒక చిన్న యాంటెన్నా ఉన్నాయి. బ్యాటరీ లేదు, తీగ లేదు. బయట ఎక్కడో ఆగిన వాహనం నుంచి రేడియో తరంగాలు ప్రసరిస్తే, గదిలోని మాటలకు ఆ పొర కంపించి, తిరిగి వెళ్లే తరంగాన్ని మారుస్తుంది. ఆ మార్పును విన్నవాళ్లకు గదిలోని సంభాషణ వినిపించేది. దీన్ని తయారు చేసినవాడు లియోన్ థెరెమిన్, చేయి తగలకుండా మోగే వాద్యాన్ని కనిపెట్టి పేరు తెచ్చుకున్న శాస్త్రజ్ఞుడు. ఈ పని చేసే నాటికి అతను ఖైదీలతో పరిశోధనలు చేయించే సోవియట్ ప్రయోగశాలలో బందీ.

తన దగ్గర శక్తి లేకపోయినా, ఎదుటివాడు పంపిన తరంగాన్నే కాస్త మార్చి జవాబివ్వడం ఇందులోని కిటుకు. 1948లో హ్యారీ స్టాక్‌మన్ ఈ సూత్రాన్ని పరిశోధన వ్యాసంగా రాశాడు. కానీ ట్రాన్సిస్టరు అప్పుడే పుట్టింది, చిప్పులు ఇంకా రాలేదు. పావు శతాబ్దం ఆగాల్సి వచ్చింది. 1973 జనవరిలో మారియో కార్డుల్లో జ్ఞాపకశక్తి ఉన్న రేడియో ట్యాగుకు అమెరికాలో పేటెంటు పొందాడు. అదే ఏడు చార్లెస్ వాల్టన్ తాళంచెవి లేకుండా తలుపు తెరిచే కార్డుకు పేటెంటు తీసుకున్నాడు. అణుబాంబు తయారైన లాస్ అలమోస్ ప్రయోగశాలలోని ఇంజనీర్లు ఆ దశాబ్దంలోనే ఆవులను గుర్తుపట్టే ట్యాగుల మీద పనిచేశారు. బడిపిల్లల మెడలోకి రాకముందు ఈ బిళ్ల పశువుల మంద దాటి వచ్చిందన్నమాట. పిల్లలకు దీన్ని తగిలించే పెద్దలు ఆ సంగతి ఒక్కసారి తలుచుకోవాలి.

ఈ బిళ్లల్లో రెండు జాతులు ఎక్కువగా కనిపిస్తాయి. మెట్రో రైలు కార్డు లాంటిది మొదటిది, పనిచేసేది 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర. గేటు యంత్రంలోని తీగచుట్ట తన చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. కార్డు దగ్గరికి రాగానే కార్డులోని చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన ప్రేరణ సూత్రమే ఇది, ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో ప్రతివాళ్లూ చదివిందే. ఆ కొసరు కరెంటుతో చిప్పు మేల్కొని తన నంబరు చెబుతుంది. దూరం నాలుగైదు వేళ్ల వెడల్పు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆనించాలి.

రెండోది ఫాస్టాగ్ జాతి. మన దేశంలో ఇది 865 మెగాహెర్ట్జ్ ఆపైన పనిచేస్తుంది, కొన్ని మీటర్ల దూరం నుంచే పలుకుతుంది. టోల్‌గేటు దగ్గర కారు అద్దం మీదున్నదీ, తెలంగాణ పోలీసు నియామకాల పరుగులో అభ్యర్థులకు కట్టిందీ ఇదే జాతి. పిల్లలు గేటులోంచి గుంపుగా నడిచిపోయినా లెక్క పడుతుంది.

మరి అరవైమంది ఒక్కసారే 'ప్రెజెంట్' అంటే? పంతులు చేసే పనే యంత్రమూ చేస్తుంది, వంతులు వేస్తుంది. కాకపోతే పేర్లు ముందుగా తెలియవు కాబట్టి వంతులను అదృష్టానికి వదిలేస్తుంది. ప్రతి బిళ్లా తనకు తోచిన ఒక అంకె ఎంచుకుంటుంది, యంత్రం ఆ అంకెల వరసన పిలుస్తుంది. ఇద్దరికీ ఒకే అంకె పడి మాటలు కలగాపులగమైతే, ఆ ఇద్దరినీ మళ్లీ పిలుస్తుంది. ఈ ఉపాయం 1970 ప్రాంతంలో హవాయి విశ్వవిద్యాలయంలో దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలపడానికి పుట్టింది. దాని పేరు 'అలోహా', అక్కడివాళ్ల పలకరింపు. అరక్షణంలో పదుల బిళ్లలు ఈ పద్ధతిలో పేరు చెప్పుకుని బయటపడతాయి.

అయితే పిల్లలు కార్లు కారు. మనిషి దేహంలో సగానికి పైగా నీరు, నీరు ఈ తరంగాలను మింగేస్తుంది. వానకు తడిసి, కార్డును గుండెకు హత్తుకుని పరుగెత్తే అమ్మాయి లెక్కలోకి రాకపోవచ్చు. లోహం తరంగాన్ని వెనక్కి కొడుతుంది, కాబట్టి హాస్టల్లో ప్రతి బిడ్డ సొత్తయిన రేకు ట్రంకుపెట్టెలో మరిచిపోయిన బిళ్ల అసలు పలకదు. గేటు దగ్గర యాంటెన్నా ఒక్కటే ఉంటే, పిల్ల లోపలికి వచ్చిందో బయటికి వెళ్లిందో తెలియదు. రెండు పెట్టి, ఏది ముందు విన్నదో చూడాలి. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ కావాలి. వీటన్నిటికీ మందు ఉంది. మందు లేనిది ఒక్కటే: స్నేహితురాలి కార్డు కూడా తన మెడలో వేసుకుని వచ్చిన పిల్లను యంత్రం ఇద్దరుగా లెక్కపెడుతుంది. వేలిముద్ర దేహాన్ని అడుగుతుంది, ఈ బిళ్ల తన నంబరే చెబుతుంది. అందుకే రాత్రి పడకల దగ్గర తలలు లెక్కపెట్టే వార్డెన్‌ను ఏ ట్యాగూ ఇంటికి పంపలేదు.

దూరదేశపు బడులు ఈ బిళ్ల పరిమితులను మనకంటే ముందే తెలుసుకున్నాయి. కాలిఫోర్నియాలోని సట్టర్ అనే చిన్న ఊరి బడిలో 2005లో పిల్లల మెడలో ట్యాగులు వేశారు. తరగతి గుమ్మాల మీదే కాక మరుగుదొడ్ల దగ్గర కూడా యంత్రాలు అమర్చారని తెలిసి తల్లిదండ్రులు తిరగబడ్డారు. కొద్ది వారాల్లోనే ఆ ఏర్పాటు మూతపడింది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో 2012లో రెండు బడుల్లో దాదాపు 4,200 మందికి కార్డులిచ్చారు. అక్కడా కారణం డబ్బే, హాజరును బట్టే బడికి నిధులు వస్తాయి. ఏడాది తిరిగేసరికి, పెరిగిన హాజరు పెట్టిన ఖర్చుకు తగ్గట్టుగా లేదని మానేశారు. అదే 2012లో బ్రెజిల్ దేశపు విటోరియా ద కాంకిస్తా నగరం చిప్పులను ఏకంగా యూనిఫాం చొక్కాల్లోనే కుట్టించింది, ఉతికినా ఇస్త్రీ చేసినా చెడనివి. బిడ్డ గేటు దాటగానే తల్లిదండ్రుల ఫోనుకు సందేశం వెళ్లేది, రాకపోయినా వెళ్లేది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం నిలబెట్టిన ఎమ్మిగనూరులో బట్టలో చిప్పు కుట్టే సంగతి చెబితే, నేతపనివాళ్లు ముందుగా అడిగేది అది ఏ ఉతుకు దాకా నిలుస్తుందనే.

ఇక చట్టం సంగతి. మన దేశంలో 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారం వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది, పిల్లల కదలికలను వెంటాడవద్దంటుంది. 2025లో వచ్చిన నియమాలు బడి అవసరాలకూ పిల్లల భద్రతకూ విద్యాసంస్థలకు మినహాయింపు ఇచ్చాయి. గేటు దగ్గర ఒక యంత్రం ఆ మినహాయింపులో ఒదుగుతుంది. స్నానాల గది గుమ్మం మీద యంత్రం ఏ భద్రత పేరు చెప్పినా తప్పే. ఆడపిల్లల హాస్టల్లో అయితే మరీ తప్పు.

సుగ్గి నేలలో ఈ బిళ్ల నిజంగా అక్కరకొచ్చేది కాలం విషయంలో. కాగితం రిజిస్టరులోని గైర్హాజరు నెలాఖరున కూడికలో బయటపడుతుంది. అప్పటికి పిల్ల గుంటూరు జిల్లాలో మిరప బస్తాల పక్కన నిద్రపోతూ ఉంటుంది. సంక్రాంతి సెలవులకో, జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరకో ఇంటికి వెళ్లిన పిల్ల తిరిగి రాలేదని మూడో రోజే తెలిస్తే, ఊళ్లోకి వెళ్లి అవ్వాతాతలను అడగడానికి మనిషి ఉంటాడు, దారి ఉంటుంది. కొన్నిసార్లు ఆ పిల్ల రాకపోవడానికి కారణం పొలం కాదు, పెళ్లి. అప్పుడు మూడు రోజులకూ ముప్ఫై రోజులకూ తేడా ఒక జీవితమంత.

పిల్ల వచ్చిందనో రాలేదనో సందేశం వెళ్లేది మాత్రం ఎవరి ఫోనుకు? తండ్రి 300 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాడు. వలసల్లో సిమ్ములు మారిపోతాయి, హాస్టల్ దరఖాస్తులో రాసిన నంబరు రెండేళ్ల నాటిది కావచ్చు. కొత్త నంబరు కనుక్కుని రాసి పెట్టడం యంత్రం వల్ల కాదు, వార్డెన్ పని. ఆ ఒక్క నంబరు సరిగ్గా ఉంటే, పొద్దుగూకాక మిరప చేలోంచి గుడారానికి వచ్చిన తల్లి ఫోను వెలుగులో చదివించుకుంటుంది: మీ అమ్మాయి సాయంత్రం 6:10కి హాస్టల్‌కు చేరింది.