బండి కౌలు పత్రములోని తప్పులు – దిద్దించుకొను విధము

మన బొల్లారము చుట్టుపట్ల కర్మాగారములు హెచ్చి సాగుభూమి తగ్గిన పిదప, కర్షకులలో కొందఱు ట్రాక్టరునో ట్రాలీ ఆటోనో వాయిదాలమీఁద తీసికొని, కూరగాయలు పటాన్‌చెరువునకును సరకులు ఫ్యాక్టరీలకును తోలుచు జీవించుచున్నారు. విత్తనముల సంగతి యడుగవచ్చినవారే బండి కాగితములును నాచేతఁ బెట్టి చదువుమనుచుందురు. నాది వ్యవసాయ ప్రదర్శకుని కొలువేగాని వకీలు పని కాదు. అయినను ఈ విషయమున నేను స్వయముగా దెబ్బతినినవాఁడను గనుక, తెలిసికొన్నదానిని వ్రాయుచున్నాను.

కొన్నియేండ్ల క్రిందట ఒక చిన్న సామాను బండిని ఒక ఋణసంస్థ ద్వారా కౌలునకు తీసికొంటిని. సంతకము చేయునాఁడు నెలవాయిదా యెంత, యెన్ని నెలలు అనునవి మాత్రమే చూచితిని. ఛాసిస్ నంబరులో 8 ఉండవలసినచోట 3 పడినది. ఆ పత్రమును జూచియే బీమా కాగితము వ్రాసిరి గనుక అందును అదే తప్పు దొరలెను. సంగారెడ్డి త్రోవలో బండి దెబ్బతిని, బీమాసొమ్ము అడిగినప్పుడు, ఈ నంబరుగల బండి మీది కాదని దరఖాస్తు త్రిప్పిపంపిరి. ఋణసంస్థవారిని అడుగఁగా, చదివియే సంతకము చేసితిరి గదా యనిరి. తప్పు దిద్దించుటకు మూఁడు నెలలు పట్టెను. బండి షెడ్డులో నిలిచినదిగాని వాయిదా నిలువలేదు.

అంకెలకంటె ముందు చూడవలసినది పత్రము యొక్క జాతి. కౌలు వేఱు, వాయిదాల కొనుగోలు వేఱు, బండిని హామీగాఁ బెట్టిన అప్పు వేఱు. పొలమును కౌలునకు తీసికొన్నవాఁడు ఎన్నియేండ్లు కౌలు చెల్లించినను పొలము వానిది కానట్లే, కౌలు బండియు గడువు తీఱఁగానే యజమానికి తిరిగి పోవును. (1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము క్రింద రక్షిత కౌలుదారులైనవారి మాట వేఱు, బండికి అట్టి చట్టము లేదు.) చివరి వాయిదాతో బండి మీదగునని నోటిమాటగాఁ జెప్పి, పత్రములో కౌలు అని అచ్చువేసినచో, మీకు మిగులునది నోటిమాటయే. వాయిదాల కొనుగోలునకై 1972లో పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టము చేసెనుగాని, అది యెన్నఁడును అమలులోనికి రాకుండనే 2005లో రద్దయ్యెను. కావున 1872 నాటి ఒడంబడికల చట్టమును, మీరు సంతకము చేసిన కాగితమును మీకు ఆధారములు. సుందరం ఫైనాన్సునకును కేరళ రాష్ట్రమునకును జరిగిన వ్యాజ్యెములో, 1966లో సుప్రీముకోర్టు పత్రము పేరును మించి వ్యవహారము యొక్క నిజస్వరూపమును జూచిన మాట వాస్తవమే. కాని అంతదూరము పోవు ఓపిక మనలో ఎందఱికున్నది?

ఇఁక నంబరులు. డీలరు బిల్లును చూచి సరిపోల్చుట చాలదు. తప్పు అచ్చటనే పుట్టి యుండవచ్చును. బండి చట్రముమీఁద చెక్కిన నంబరుపై పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దినచో అచ్చు పడును. దానిని ప్రక్కన బెట్టుకొని ఒక్కొక్క యక్షరమే పోల్చవలెను. కారులకును లారీలకును ఈ నంబరు 17 అక్షరములుగా నుండును. అందు ఐ, ఓ, క్యూ అను ఇంగ్లీషు అక్షరములు వాడరు, ఒకటి, సున్న అను అంకెలుగా పొరపడకుండుటకు. కావున ఓ వలె కనఁబడునది సున్నయే. పత్రములో ఓ యని వ్రాసియున్నచో అది తప్పని అప్పుడే చెప్పవచ్చును.

పేరును చిరునామాయును చిన్న విషయములని తలఁపరాదు. ఆధారులో ఇంటిపేరు ముందుండి, పత్రములో వెనుక నుండుటయు, తండ్రి పేరు మాఱుటయు తఱచు. మన యూరికి మఱియొక చిక్కు కలదు: సికింద్రాబాదు ప్రక్కనను ఒక బొల్లారమున్నది. పాతనమూనాలనుండి ఎత్తివ్రాయు గుమాస్తాలు కొందఱు మెదకు జిల్లాయనియే వ్రాయుదురు. సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. వాయిదా తప్పినదని పంపిన నోటీసు ఆ బొల్లారమునకుఁ బోయి తిరిగిపోయినచో, బండిని పట్టుకొనఁబోవుదురను సంగతి మీకు బండి పోయిన తరువాతఁగాని తెలియదు.

తప్పు కనఁబడినపుడు మీ ప్రతిలో మీరే కలముతో దిద్దవలదు. ఒక పక్షము మాత్రమే చేసిన మార్పు రేపు మీ మీఁదికే నేరముగా వచ్చును. ఏ పుటలో, ఏ వరుసలో, ఏమి యున్నది, ఏమి యుండవలెను అని రెండు ప్రతులుగా లేఖ వ్రాసి, ఒకటి ఇచ్చి, రెండవదానిమీఁద తేదీతో ముద్ర వేయించుకొనవలెను. ముద్ర వేయనన్నచో స్పీడు పోస్టులో పంపి రసీదు ఉంచుకొనుఁడు. ఇరుపక్షముల సంతకములతో సవరణ పత్రము కోరుఁడు. అది వచ్చినవెంటనే దాని నకలును బీమావారికిఁ బంపుఁడు. నేను చేయక చెడినది ఇచ్చటనే. ఖాళీలు విడిచిన కాగితముమీఁద మాత్రము ఎవ్వరెంత తొందరపెట్టినను సంతకము చేయవలదు.

పత్రము తప్పు గనుక వాయిదా కట్టనని కూర్చుండుట మఱియొక పొరపాటు. ఒక పక్షమువాఁడు మాత్రమే పొరపడినంతమాత్రమున ఒడంబడిక చెల్లకపోదని ఆ 1872 చట్టమే చెప్పుచున్నది. వాయిదా కట్టుచునే పోరాడవలెను. పత్రమును, దానిలో పేర్కొన్న అనుబంధములన్నిటి నకళ్లను మీ కీయవలెననియు, మీకు తెలిసిన భాషలో వ్యవహరింపవలెననియు బ్యాంకేతర ఋణసంస్థలకు రిజర్వు బ్యాంకు నియమమున్నది. వ్రాసిన 30 దినములలో సమాధానము రానిచో, ఆ సంస్థ పథకము క్రిందికి వచ్చునదైనచో, రిజర్వు బ్యాంకు అంబుడ్సుమనునకు రుసుము లేకయే ఫిర్యాదు చేయవచ్చును. ఇరువురి పొరపాటుననో మోసముననో అసలు ఉద్దేశము పత్రములోనికి రానిచో, దానిని దిద్దింపుమని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము 26వ సెక్షను క్రింద సివిలుకోర్టును కోరవచ్చును. అది కడపటి మార్గము.

వాయిదాలన్నియు తీఱిన పిదపను పని యొకటి మిగులును. 1988 మోటారు వాహనముల చట్టము 51వ సెక్షను చొప్పున ఈ ఒడంబడిక మీ రిజిస్ట్రేషను పత్రములో నమోదై యుండును. మీరును ఋణసంస్థయు సంతకములు చేసిన 35వ ఫారమును రవాణా కార్యాలయములో దాఖలు చేసినఁగాని అది తొలఁగదు. ఆ ఫారములో బండి నంబరును మఱల ఒకమాఱు పోల్చుకొనుఁడు. టీఎస్ అని మొదలగు బండికి, 2024 మార్చినుండి క్రొత్త బండ్లకు వచ్చిన టీజీ అక్షరములు వ్రాసి తెచ్చినవారిని నేను చూచితిని.