గుర్రాల జబ్బు - గబ్బిలాల ఆకలి



ఒడిశాలోని గంజాం జిల్లాలో చాలా ఏళ్లు పశువైద్యుడిగా పనిచేశాను. పరీక్షా ఫలితాలు వచ్చాయంటే మనవాళ్లు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. "ఎం.బి.బి.ఎస్. సీటు రాలేదండీ, పశువైద్యంలో చేర్చమంటారా?" అనేది ఒకటి. "జంతుశాస్త్రం చదివితే ఏం వస్తుంది?" అనేది రెండవది. ఈ రెండు చదువులూ కలిస్తే ఏం చేయగలవో తెలియడానికి ఆస్ట్రేలియాలో జరిగిన ఒక్క ఉదంతం చాలు.

1994 సెప్టెంబరులో బ్రిస్బేన్ నగరంలోని హెండ్రా అనే పేటలో, పందెపు గుర్రాలకు శిక్షణ ఇచ్చే ఒక శాలలో గుర్రాలు జ్వరంతో, ఆయాసంతో వరుసగా పడిపోయాయి. కొద్ది రోజుల్లోనే పదికి పైగా గుర్రాలు పోయాయి. శిక్షకుడు విక్ రెయిల్, ఆయన దగ్గర పనిచేసే మనిషి కూడా జబ్బుపడ్డారు. పనిమనిషి కోలుకున్నాడు గాని రెయిల్ మరణించాడు. గీలాంగ్‌లోని జంతు ఆరోగ్య ప్రయోగశాల కొద్ది వారాల్లోనే ఇది అంతకుముందు ఎవరికీ తెలియని వైరస్ అని తేల్చింది. తరువాత దానికి ఆ పేట పేరే స్థిరపడింది.

మరి ఆ వైరస్ గుర్రాలకు ఎక్కడి నుంచి వచ్చింది? అంతకు నెల ముందే ఉత్తరాన వందల కిలోమీటర్ల దూరంలోని మెకాయ్ దగ్గర రెండు గుర్రాలు ఇదే జబ్బుతో చనిపోయాయని తరువాత బయటపడింది. ఆ గుర్రాల యజమానికి కూడా అది సోకింది. ఆయన 1995లో కన్నుమూశాడు. ఆ ఊరి గుర్రాలకూ ఈ ఊరి గుర్రాలకూ ఎక్కడా సంబంధం లేదు. కాబట్టి రెండు చోట్లా తిరిగే అడవి ప్రాణి ఏదో దీన్ని మోస్తూ ఉండాలి. హ్యూమ్ ఫీల్డ్ అనే పశువైద్యుడు, ఆయన సహచరులు రకరకాల అడవి జంతువుల రక్తం పరీక్షించారు. 1996లో పండ్లు, పూల తేనె తిని బతికే పెద్ద గబ్బిలాలలో ఈ వైరస్‌కు సంబంధించిన యాంటీబాడీలు దొరికాయి. ఆ తరువాత వైరసే దొరికింది. విచిత్రమేమిటంటే ఆ గబ్బిలాలకు ఏ జబ్బూ కనిపించదు. వాటి మూత్రం వగైరా పడిన గడ్డి, నీరు గుర్రం నోటికి చేరితే గుర్రానికి సోకుతుంది. జబ్బుపడిన గుర్రానికి దగ్గరగా మెలిగినవారికి గుర్రం నుంచి వస్తుంది.

ఈ సంగతి తెలియగానే చేతిలో ఉపాయాలు దొరికాయి. గబ్బిలాలు వాలే చెట్ల కింద దాణా తొట్టి, నీళ్ల తొట్టి పెట్టరాదు. పూలు, పండ్లు ఉన్న కాలంలో గుర్రాలను ఆ చెట్ల కింద మేపరాదు. గుర్రాలకు టీకా కూడా 2012లో వచ్చింది. అయితే ఈ జ్ఞానానికి ఖరీదు తక్కువ కాదు. 1994 నుంచి 2009 వరకు ఈ వైరస్ సోకిన ఏడుగురు మనుషుల్లో నలుగురు మరణించారు. వారిలో ఇద్దరు పశువైద్యులు. అందుకే ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది చేతి తొడుగులు, ముఖానికి రక్షణ గురించే.

ఇక్కడితో కథ ఆగలేదు. ఏవో కొన్ని చలికాలాల్లోనే గుర్రాలకు ఈ జబ్బు ఎక్కువగా ఎందుకు వస్తోంది? దీనికి జవాబు చెప్పింది గబ్బిలాల తిండినీ తిరుగుళ్లనూ ఏళ్ల తరబడి గమనించినవారు. పెగీ ఈబీ, పశువైద్యం చదివిన రైనా ప్లోరైట్ తదితరులు 25 ఏళ్ల లెక్కలు పరిశీలించి 2022లో నేచర్ పత్రికలో ప్రకటించారు. చలికాలంలో పూచే అడవులు నరికేయడంతో గబ్బిలాలకు తిండి కరువై, అవి ఊళ్లకూ పొలాలకూ చేరుతున్నాయి. అక్కడే గుర్రాలున్నాయి. అడవిలో చెట్లు విరగబూసిన చలికాలాల్లో గబ్బిలాలు తిరిగి అడవికి పోయాయి, ఆ చలికాలాల్లో గుర్రాలకు జబ్బు రాలేదు. అంటే గుర్రాన్ని కాపాడాలంటే గబ్బిలానికి అన్నం పెట్టే అడవిని కాపాడాలి. గబ్బిలాలను చంపడం మందు కాదు.

ఇది మనకు దూరపు సంగతి అనుకోకండి. హెండ్రాకు దగ్గర చుట్టమైన నిపా వైరస్ 1998-99లో మలేషియాలో పందుల ద్వారా మనుషులకు సోకి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 2001లో సిలిగురిలోనూ, 2018లో కేరళలోని కోళికోడ్‌లోనూ కనిపించింది. దానికీ మూలం పండ్లు తినే గబ్బిలాలే. మన ఊళ్లలో మర్రిచెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలదీ ఆ జాతే. వాటిని గమనించి, లెక్క కట్టి, రక్తం పరీక్షించేవారు మన దేశానికీ కావాలి.

ఇక చదువు సంగతి. పశువైద్య పట్టా ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర సంవత్సరాలు. అఖిల భారత కోటాకు నీట్ ర్యాంకు చూస్తారు. తక్కిన సీట్లకు ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. మనం తరతరాలుగా స్థిరపడిన రాష్ట్రాల్లోనే ఈ చదువు ఉంది. కర్ణాటకకు బీదర్, తమిళనాడుకు చెన్నై, మహారాష్ట్రకు నాగపూర్ కేంద్రంగా పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఒడిశాలో భువనేశ్వర్‌లోనూ, యానాం పిల్లలకు పుదుచ్చేరిలోనూ కళాశాలలు ఉన్నాయి. ముందు మీ రాష్ట్రపు స్థానికత నిబంధనలు చదివి, పత్రాలు సిద్ధం చేసుకోండి. గుర్రాల మీద పరిశోధన చేయదలచినవారికి హిస్సార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. జంతుశాస్త్రం వైపు మొగ్గేవారు డిగ్రీ తరువాత డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ వైపు చూడవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. డాక్టరు సీటు రాలేదన్న చిన్నబోయిన ముఖంతో పిల్లను పశువైద్యంలో చేర్చకండి. ఇష్టపడితేనే చేర్చండి, చేర్చాక గర్వంగా చెప్పుకోండి. మూగజీవి తన బాధ చెప్పుకోలేదు. దాన్ని కనిపెట్టడం నేర్చినవారే ఒక్కోసారి మనుషుల ప్రాణాలు కూడా నిలబెడతారు.