అన్నకు విల్సన్ వ్యాధి అని తేలితే తమ్ముడికి పరీక్ష ఎప్పుడు?

మన సంఘం సంచికకు ఒక ఆరోగ్య వ్యాసం కావాలని కమిటీ పెద్దలు అడిగినప్పుడు షుగరు గురించో గుండె గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వాటి గురించి మనవాళ్లకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆస్పత్రి ల్యాబులో బయోకెమిస్ట్రీ రిపోర్టులు చూసే ఉద్యోగం నాది. నేను రాయవలసింది మా ఇంటిని కాల్చిన విల్సన్ వ్యాధి గురించి. సుమారు ముప్పై వేల మందిలో ఒకరికి వస్తుందని వైద్య పుస్తకాలు చెప్పే జబ్బు ఇది. లోకంలో అరుదే, వచ్చిన ఇంట్లో మాత్రం అరుదు కాదు. ఒక బిడ్డకు ఉందని తేలితే తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

నువ్వులు, పప్పులు, జీడిపప్పు, కార్జం, ఇలా మనం తినే చాలా వాటిల్లో రాగి ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు ఒక మిల్లీగ్రాముకు కాస్త తక్కువైనా సరిపోతుంది. ఎక్కువైన దాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. ఆ పంపే పని చేసే ప్రోటీన్ 13వ క్రోమోజోము మీది ఏటీపీ7బీ అనే జన్యువు నుంచి తయారవుతుంది. ఆ జన్యువును 1993లో గుర్తించారు. తల్లి ఇచ్చిన ప్రతి, తండ్రి ఇచ్చిన ప్రతి రెండూ చెడినవైతే కాలేయం తూము మూసుకుపోయిన చెరువవుతుంది. వాన ఎప్పటిలాగే పడుతుంది, నీళ్లు పోయే దారి ఉండదు. ముందు కాలేయం నిండుతుంది. తర్వాత రాగి రక్తంలోకి, మెదడులోకి, కంటి నల్లగుడ్డు అంచుకు చేరుతుంది.

బడి వయసు పిల్లలకు కామెర్లుగా బయటపడవచ్చు. కొంచెం పెద్దయ్యాక అయితే చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, చొంగ కారడం, చేతిరాత చెడిపోవడం, ఉన్నట్టుండి కోపం. కామెర్లని పసరు పోయిస్తారు, గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, చదువు ఇష్టం లేక నటిస్తున్నాడని కొడతారు. ఆ పసరుకు, ఆ తాయెత్తుకు పోయేది డబ్బు కాదు, కాలం. కిన్నియర్ విల్సన్ లండన్‌లో ఈ జబ్బును వర్ణించిన 1912లో దీనికి మందు లేదు. 1956లో జాన్ వాల్ష్ పెనిసిలమైన్‌ను ప్రవేశపెట్టాక కథ మారింది. వంశపారంపర్య జబ్బుల్లో మాత్రలతో ఇంత బాగా అదుపులో ఉండేవి చాలా తక్కువ. అయితే ఆ మాత్ర ఒంటికి నష్టం జరగకముందే మొదలుకావాలి.

బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు మూడు దశాబ్దాల్లో తమ దగ్గరికి వచ్చిన 282 మంది రోగుల వివరాలను 2007లో ప్రచురించారు. నరాల లక్షణాలతో వచ్చినవాళ్లు 195 మంది. ఏ లక్షణమూ లేకముందే గుర్తించగలిగినవాళ్లు 15 మంది. ఆ 15 అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

మా మేనమామ పెద్దకొడుకు జగిత్యాలలో డిగ్రీ చదువుతుండగా చేయి వణకడం మొదలైంది. తిరగని చోటు లేకుండా తిరిగి, చివరికి హైదరాబాదులో విల్సన్ అని తేల్చుకున్నారు. చిన్నకొడుకు అప్పటికే అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. పరదేశంలో ఒక్కడే ఉన్నాడు, చెప్తే బుగులు పడ్తడని ఇంట్లో దాచారు. పైగా సంబంధాలు చూస్తున్న రోజులు. వైద్యం చేసిన ఆస్పత్రి కాగితాల్లో తోబుట్టువుకు పరీక్ష చేయించమన్న ముక్క ఎక్కడా లేదు. అమెరికాలో ఏడాది పరీక్షల్లో చిన్నవాడికి లివర్ ఎంజైములు కాస్త ఎక్కువ వస్తే ఫ్యాటీ లివర్ అన్నారు, అన్నం తగ్గించమన్నారు. ఒక చలికాలం కళ్లు పచ్చబడ్డాయి. కాలేయ మార్పిడి జాబితాలో పేరైతే ఎక్కింది గానీ కాలేయం దొరికేలోపే పోయాడు. పెద్దవాడు మాత్రలు వేసుకుంటూ ఇవాళ పిల్లలకు ట్యూషన్లు చెప్తున్నాడు. రోగి అని తెలిసినవాడు బతికాడు. ఆరోగ్యంగా ఉన్నాడనుకున్నవాడు పోయాడు.

కాబట్టి ఇండియాలో మీ అన్నకో చెల్లెకో ఈ జబ్బుందని తెలిస్తే, మీరు మారథాన్ పరుగెత్తుతున్నా సరే, పరీక్ష చేయించుకోవాలి. పరీక్షల దగ్గరే చాలామంది బోల్తా పడతారు గనుక కాస్త వివరంగా చెప్తాను.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది రక్తంలో మొత్తం రాగి పరీక్ష. ఒంట్లో రాగి పేరుకునే జబ్బు కదా, రిపోర్టులో ఎక్కువ ఉండాలి అనుకుంటారు. నిజానికి విల్సన్ రోగుల్లో అది చాలాసార్లు తక్కువే వస్తుంది. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ వాళ్లలో తక్కువగా ఉండటమే కారణం. తక్కువుందని సంతోషించి ఫైలు మూసేసినవాళ్లను, రాగి లోపమని సప్లిమెంట్ కొనబోయినవాళ్లను నేను చూశాను.

అందుకే ముందు సెరులోప్లాస్మినే అడగాలి. డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే అనుమానించాలి, 10 లోపైతే అనుమానం చాలా బలపడుతుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా రిపోర్టుల్లో ఇదే 20ని లీటరుకు 0.2 గ్రాములని వేస్తారు. అన్న రిపోర్టును తమ్ముడి రిపోర్టు పక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ తేడా చూసుకోండి. అంకె బాగుందని ఊరుకోవడానికీ లేదు. గర్భం, గర్భనిరోధక మాత్రలు, ఒంట్లో వాపు దాన్ని పైకి లేపుతాయి. ఒక్క చెడు ప్రతి మాత్రమే ఉండి జబ్బు లేని వాహకుల్లో కొందరికి అది కాస్త తగ్గి ఉంటుంది. ఏడాది నిండని పసిపిల్లల్లో సహజంగానే తక్కువ.

తర్వాత 24 గంటల మూత్రంలో రాగి. పొద్దున మొదటిసారి వెళ్లింది పారబోసి, అక్కడి నుంచి మర్నాడు అదే వేళకు వెళ్లింది దాకా ప్రతి చుక్కా ల్యాబు ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టాలి. ఇత్తడి చెంబులోనో ఇంకో లోహపు గిన్నెలోనో పట్టి పోస్తే ఆ లెక్క పనికిరాదు. రోజుకు 100 మైక్రోగ్రాములు దాటితే జబ్బుకు గట్టి గుర్తు. పిల్లల్లో, లక్షణాలు లేని తోబుట్టువుల్లో 40 దాటినా వదిలిపెట్టకూడదు. రిపోర్టులో అంకె లీటరుకా, రోజుకా అన్నది తప్పక అడగండి. కంటి డాక్టరు స్లిట్ ల్యాంపుతో నల్లగుడ్డు అంచున కైజర్-ఫ్లైషర్ వలయం కోసం చూస్తారు. నరాల లక్షణాలున్న దాదాపు అందరిలో అది ఉంటుంది. లక్షణాలు లేని తమ్ముడిలో లేకపోవచ్చు, అంతమాత్రాన జబ్బు లేనట్టు కాదు.

సందేహం తీర్చేది జన్యు పరీక్ష. యూరప్‌వాళ్లలో ఎక్కువగా కనిపించే మార్పు ఒకటుంది. దాన్నొక్కదాన్నే చూసి లేదని చెప్పే పరీక్ష మనవాళ్లకు అక్కరకు రాదు, మన మార్పులు వేరు. ముందు జబ్బున్న మనిషికి జన్యువంతా చదివించి ఏ రెండు మార్పులున్నాయో తేల్చుకోవాలి. ఆ తర్వాత తోబుట్టువులందరికీ ఆ రెండింటినే వెతికితే చాలు.

ఇక మౌనం సంగతి. మనలో మేనరికాలున్నాయి, అక్కబిడ్డను చేసుకోవడమూ ఉంది. ఒకే వంశంలో ఉన్న చెడు ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం అలాంటి పెళ్లిళ్లలో పెరుగుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. వాహకులు సుమారు తొంభై మందిలో ఒకరు ఉంటారు, ఏ కులానికీ ఏ దేశానికీ మినహాయింపు లేదు. మాత్రలు సరిగ్గా వాడే రోగులు పెళ్లి చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు. దాచడం వల్ల సంబంధం నిలుస్తుందేమో, మనిషి నిలవడు.

మేం ధర్మపురి వాళ్లం. వేదపండితుల ఊరు, నరసింహ శతకం చెప్పిన శేషప్ప కవి ఊరు. గోదావరి ఒడ్డున తర్పణం వదిలేటప్పుడు మూడు తరాల పేర్లు గోత్రంతో సహా తడుముకోకుండా చెప్పేవాళ్లున్నారు. పెత్రమాసకు బియ్యం ఇచ్చేటప్పుడు పోయినవాళ్లను పేరు పేరునా తలుచుకునే ఇళ్లున్నాయి. ఇంత జ్ఞాపకం ఉన్న జాతి ఇంకొకటి ఉందంటే నేను నమ్మను. పేర్ల పక్కన ఎవరు ఏ వయసులో, దేనితో పోయారో కూడా రాసిపెట్టమని నా మనవి. చిన్నప్పుడే కామెర్లతో పోయిన మేనత్త, చేతులు వణికి మాట పడిపోయిన చిన్నతాత, ఈ వివరాలు బతుకమ్మకు కలిసినప్పుడు పెద్దవాళ్లను అడిగితే ఇంకా చెప్పగలరు. పిల్లలకు తెలుగు నేర్పుతున్న మన సంఘం వాళ్లకు ఇదీ నేర్పాలి.

రాగి చెంబు గురించి చాలామంది అడుగుతారు. దానివల్ల ఈ జబ్బు రాదు, ఇది పుట్టుకతో వచ్చేది. అయితే రోగికి మాత్రం రాగి పాత్రలో నిలవ ఉంచిన నీళ్లు వద్దు. మన సభల్లో బహుమతిగా ఇచ్చే రాగి సీసాలు వాళ్ల చేతికి వెళ్లనివ్వకండి. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో కాచిన పాలు పసిపిల్లలకు పట్టడానికీ, అప్పట్లో మన దేశంలో పిల్లల్ని బలిగొన్న ఇంకో కాలేయ జబ్బుకూ సంబంధముందని 1980లలో పుణెలో జరిగిన పరిశోధనలు చూపాయి. కళాయి పూయించనిదే గిన్నెలో పాలు పోయనివ్వని మా అమ్మమ్మకు ఈ సంగతి అంతకుముందే తెలుసు.

మందులు పెనిసిలమైన్, ట్రయెంటీన్, జింక్. మూడూ ఖాళీ కడుపుతో వేసుకునేవే, జీవితాంతం వాడేవే. పెనిసిలమైన్‌తో బీ6 విటమిన్ కూడా ఉండాలి. ఒళ్లు బాగుందని మానేసినవాళ్లు నెలల్లోనో ఒకటి రెండేళ్లలోనో కాలేయం చెడి ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. గర్భం వచ్చినా సొంతంగా ఆపకూడదు, మోతాదు డాక్టరు మారుస్తారు. అమెరికాలో ట్రయెంటీన్ వంద మాత్రల ధర 2010లో 650 డాలర్ల దగ్గర ఉండేది, 2015కల్లా 21 వేలు దాటింది. ఉద్యోగం మారి ఇన్సూరెన్సు తెగే నెలల్లో మాత్ర ఆగిపోకుండా ముందే చూసుకోండి. అవసరమైతే జింక్‌కు మారే వీలుందేమో డాక్టరుతో మాట్లాడండి.

2027లో గోదావరి పుష్కరాలు. తలో దేశంలో ఉన్న తోబుట్టువులు ఒకేసారి ఊళ్లో కలిసే అవకాశం మళ్లీ పన్నెండేళ్లకు గానీ రాదు. జబ్బు బయటపడిన ఇంటివాళ్లు పుష్కరాల దాకా ఆగకుండా ఈ నెలలోనే సెరులోప్లాస్మిన్, మూత్ర పరీక్షలకు వెళ్లాలి. ఇంటి చరిత్ర చూసి అనుమానం మాత్రమే ఉన్నవాళ్లు స్నానాలకు వచ్చినప్పుడు ఒక పూట కరీంనగరులోనో హైదరాబాదులోనో రక్తం ఇచ్చి, స్లిట్ ల్యాంపు ఉన్న కంటి డాక్టరుకు కళ్లు చూపించుకుని వెళ్లవచ్చు. జన్యు పరీక్ష రిపోర్టులో ఆ రెండు మార్పులు రాసిన పేజీని ఫొటో తీసి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, వాళ్ల డాక్టర్లకు పంపండి.